మీసంలో దూది

మా ఇంట్లో నన్ను కూపీ అంటారు. ఏ సంగతైనా కూపీ లాగందే నాకు నిద్ర పట్టదని చిన్నప్పుడు అక్క తగిలించిన పేరు. పిలిచి పిలిచి చివరికి అదే స్థిరపడింది. దానికి తోడు నాకు ముక్కు మీద కోపం. ముక్కు మీద గుడ్డ కూడా ఉంటుంది కాబట్టి ఆ కోపం బయటివాళ్లకి వెంటనే కనపడదు. అదొక్కటే లోకానికి నేను చేస్తున్న మేలు.

ముక్కుగుడ్డ ఎందుకంటే మాది దూది ఏకే ఇల్లు. కింద షెడ్డులో మిషన్, షెడ్డు వెనక ఒక గది, పక్కన పెరడు, పెరటికి అటువైపు మేడ మీద అక్కావాళ్ల గది. జనం పాత పరుపులు, దిండ్లు తెస్తారు. అవి విప్పి, ఉండలు కట్టిన దూదిని మిషన్‌లో వేసి ఏకి, మళ్లీ నింపి కుట్టిస్తాం. మిషన్ నడుస్తుంటే షెడ్డంతా నూగు లేస్తుంది. ముక్కుకి గుడ్డ లేకపోతే పది నిమిషాల్లో తుమ్ములతో ప్రాణం పోతుంది. అందుకే ఊరంతా మాస్కులు కట్టుకోమన్నప్పుడు మేం నవ్వుకున్నాం. ఊపిరితో అంటుకునే జబ్బట, మూతికి అడ్డం పెట్టుకోవాలట. "మనకి కొత్తగా నేర్పేదేముంది? పుట్టగానే కట్టారు," అన్నాడు నాన్న.

కానీ ఆ నవ్వు ఎక్కువ రోజులు లేదు. కారణం అక్క.

అక్కకి అప్పుడే పెద్ద చికిత్స అయింది. జబ్బు తగ్గింది గానీ మందులు ఆమె ఒంట్లో రోగంతో పోరాడే బలాన్నంతా తుడిచిపెట్టేశాయి. మళ్లీ పుంజుకునేదాకా మామూలు జలుబు కూడా ఆమె దగ్గరికి పోకూడదని డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. ఈ వైరస్ గనక అంటుకుంటే ఏమవుతుందని బావ అడిగాడు. డాక్టరమ్మ, అంటుకోకుండా చూసుకోండి, అని మాత్రం అంది. 

బావ సంగతి చెప్పాలి. ఆయన ఒకప్పుడు మా దగ్గర పరుపు కుట్టించుకోవడానికి వచ్చిన మనిషి. అప్పుడు మిషన్ నడిపేది అక్క. పరుపు మెత్తగా లేదని ఒకసారి, మరీ మెత్తగా ఉందని ఇంకోసారి వచ్చి, ఆఖరికి అల్లుడై ఇక్కడే ఉండిపోయాడు. అక్క మంచం పట్టాక మిషన్ ఆయన చేతికి, నా చేతికి వచ్చింది. అక్క పై గదిలోంచే మిషన్ చప్పుడు వింటూ, "కూపీ, దూది తడిగా ఉంది, ఎండలో వెయ్యి," అని కేకేసేది. చూడకుండా చప్పుడుతోనే చెప్పగలదు.

ఇంట్లోకి చీమ కూడా దూరకుండా కట్టుదిట్టం చేశాం. గేటు దగ్గరే కుళాయి, సబ్బు. షెడ్డు బట్టలతో మెట్లెక్కడం లేదు. అక్క కంచం, గ్లాసు, తువ్వాలు వేరు. గుడ్డలు చాలవని డాక్టరమ్మ చెబితే చెవులకి తగిలించుకునే మంచి మాస్కులు తెచ్చాం. బావ పడక కూడా కింద షెడ్డులోకి మారింది. పైకి భోజనం తీసుకెళ్లేది బావ ఒక్కడే. వెళ్లినా తలుపు దగ్గర కుర్చీలో కూర్చోవాలి, అక్క కిటికీ దగ్గర కూర్చోవాలి, ఇద్దరి మూతులకీ మాస్కులుండాలి. ఈ రూలు పెట్టింది నేనే. బావ గొణుక్కున్నాడు గానీ పాటించాడు.

ఇంత చేసినా జబ్బు వచ్చింది. ముందు దిండ్లత్తకి. ఆమె మా చుట్టం కాదు, ఏళ్ల తరబడి మా దగ్గర దిండ్లు నింపుతున్న మనిషి. ఒక పొద్దున దగ్గుతూ ఫోన్ చేసి, పరీక్షలో ఉందని తేలింది, రాను, మీరు జాగ్రత్త, అంది. సరే, ఆమెకి బయట ఎక్కడో అంటుకుని ఉంటుంది అనుకున్నాం. కానీ కొద్ది రోజులకే నాన్నకి జ్వరం వచ్చింది. ఆయన గడప దాటి వారాలైంది. అంటే షెడ్డులోనే, మా కళ్ల ముందే, దిండ్లత్త నుంచి నాన్నకి వచ్చింది.

నాన్నని వెనక గదిలో పెట్టి తలుపు మూసి, పెరటి వైపు కిటికీ తెరిచాం. నేనూ బావా పరీక్ష చేయించుకుంటే అప్పటికి లేదని వచ్చింది. బావ హమ్మయ్య అనుకున్నాడు. నాకు మాత్రం మనసులో ముల్లు గుచ్చుకుంది. దిండ్లత్త మాస్కు వేసుకుంది. నాన్న వేసుకున్నాడు. టీ గుక్కకి తప్ప పొద్దున్నించి సాయంత్రం దాకా ఎవరూ తియ్యలేదు. మరి ఎటు నుంచి వచ్చింది? ఆ కన్నం ఎక్కడుందో తెలియకపోతే రేపు అందులోంచే మెట్లెక్కి పైకి వెళ్తుంది. అక్క దాకా వెళ్తుంది. ఆ ఆలోచన వస్తే నాకు అన్నం సయించేది కాదు.

అందుకని కూపీ లాగడం మొదలుపెట్టాను.

మొదట పాత దిండ్ల మీద అనుమానపడ్డాను. ఎవరెవరో తల పెట్టుకుని దగ్గి తుమ్మిన దిండ్లు కదా. వాటిని మూటల్లోనే ఉంచి ఎండలో పడేశాను. డాక్టరమ్మకి ఫోన్ చేసి దూదిలో వైరస్ ఎన్నాళ్లు బతుకుతుందని అడిగాను. ఆమె నా ప్రశ్నలన్నీ ఓపిగ్గా విని, వస్తువుల నుంచి రాదని కాదు, చేతులు కడుక్కుంటున్నారుగా, దాని గురించి అంత హైరానా పడకండి, ఎక్కువగా ఊపిరితోనే వస్తుంది, మాట్లాడినప్పుడు, దగ్గినప్పుడు ఇంకా ఎక్కువ, అంది. షెడ్డు కిటికీలు తెరిచి ఉంటాయా అని అడిగింది. నూగు ఎగిరిపోతుందని మేం కిటికీలు తెరవం అన్నాను. "మీ నూగు గాల్లో ఎట్లా తేలుతుందో అదీ అట్లాగే తేలుతుంది. తెరవండి," అంది.

తెరిచాం. సాయంత్రానికల్లా పక్కింటావిడ వచ్చి, ఆరేసిన మా బట్టలన్నిటికీ గడ్డాలు మొలిచాయి అని దెబ్బలాడింది. ఆమెకి అక్క సంగతి చెప్పాను. అంతే, వెళ్లి బట్టలు తీసి ఇంట్లో ఆరేసుకుంది.

కిటికీల సంగతి తేలింది. కానీ అంతకుముందు రోజుల్లో మాస్కులుండగా ఊపిరి బయటికి ఎట్లా వచ్చింది? నా ముల్లు అట్లాగే ఉంది.

తర్వాత చేతుల మీద పడ్డాను. ఎవరికీ చెప్పకుండా, గుడ్డ మీద గీతలు గీసే నీలం సుద్ద పొడి చేసి కత్తెర పిడికి పూశాను. మధ్యాహ్నానికి ఆ నీలం ఎక్కడెక్కడికి పోయిందో చూస్తే నాకే నవ్వొచ్చింది. బావ చెవి వెనక, నా జడ మీద, టీ గ్లాసు అంచు మీద, మిషన్ స్విచ్చు మీద. కుళాయి దాకా మాత్రం వచ్చి ఆగిపోయింది. మెట్ల కమ్మీ మీద లేదు, అక్క గది తలుపు మీద లేదు. అంటే మా చేతులు చెప్పిన మాట వింటున్నాయి. బావ చెవి తుడుచుకుంటూ, "ఇంట్లో ఉన్నది మరదలా, పోలీసా?" అన్నాడు. మరదలే, కానీ ప్రస్తుతం డ్యూటీలో ఉంది అన్నాను.

ఆ సాయంత్రమే చిక్కుముడి విడిపోయింది. అదీ నా తెలివి వల్ల కాదు.

పని ముగించి బావ కుళాయి దగ్గర మొహం కడుక్కోబోతున్నాడు. మాస్కు తీసి కొక్కేనికి తగిలించాడు. మామూలుగా దూది పనివాళ్ల మొహాలు సాయంత్రానికి ఎట్లా ఉంటాయంటే, కనుబొమ్మలు, కనురెప్పలు, జుట్టు తెల్లగా, ముక్కు కింది భాగం మాత్రం శుభ్రంగా. గుడ్డ అంచు దగ్గర గీత గీసినట్టు తెలుస్తుంది. బావకి నల్లటి ఒత్తైన మీసం. ఆ మీసం నిండా దూది ఉంది.

నేను చీపురు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

"ఏంటి అట్లా చూస్తున్నావు?" అన్నాడు.

"బావా, పొద్దున్నించి మూతి మూసుకునే ఉన్నావు కదా. మీసంలోకి దూది ఎట్లా వచ్చింది?"

ఆయన మీసం తడుముకుని, వేళ్లకి అంటిన తెల్లటి పోగుల్ని చూసుకున్నాడు. మాస్కు సందులోంచి దూరి ఉంటుంది అన్నాడు. అంత దూది దూరే సందుంటే అది మాస్కు కాదు, జల్లెడ. నాన్న మీసంలోనూ ఇట్లాగే ఉండి ఉంటుంది. ఆయనది తెల్ల మీసం కాబట్టి ఇన్నాళ్లూ ఎవరికీ కనపడలేదు.

మర్నాడు కళ్లల్లో వత్తులు వేసుకుని చూశాను. మిషన్ నడుస్తున్నంతసేపు బావ మాస్కు ముక్కు మీద బుద్ధిగా ఉంది. నాదీ అంతే. మిషన్ చప్పుడులో మాటలు వినపడవు కాబట్టి మేం మాట్లాడుకోం, సైగలే. చేయి గుండ్రంగా తిప్పితే ఇంకా దూది వెయ్యమని. వేళ్లు నోటి దగ్గర పెడితే తిన్నావా అని. అరచేయి చెంపకి ఆనిస్తే దూది బాగా వచ్చిందని. ఎందుకంటే దూది మెత్తదనం మేం చెంప మీద పెట్టుకుని చూస్తాం. అక్కే నేర్పింది. ఆ సైగ చేశావంటే ఆ దూదికి ఇంక వంక లేనట్టే. ఇన్ని సైగలున్న చోట మాస్కుకి ఏ ఇబ్బందీ లేదు. మరి ఎప్పుడు?

టీ వేళయింది. బావ స్విచ్చు కట్టేశాడు. చక్రం ఇంకా పూర్తిగా ఆగనేలేదు, గాల్లో నూగు దిగనేలేదు, ఆయన చేయి తనంతట తానే గడ్డం దగ్గరికి వెళ్లి మాస్కుని కిందికి లాగేసింది. లాగి, అప్పటిదాకా దాచుకున్న మాటలన్నీ మొదలుపెట్టాడు. ఫలానా పరుపు ఎప్పుడిస్తామన్నాం, నాన్నకి జ్వరం ఎంతుంది, అని గట్టిగా, నా మొహంలో మొహం పెట్టి. మిషన్ హోరుకి మా అందరి చెవులూ కాస్త మందం కాబట్టి దగ్గరికొచ్చి మాట్లాడ్డమే అలవాటు. నేను జవాబు చెప్పడానికి నోరు తెరిచాను. నోటికి చల్లటి గాలి తగిలింది.

నా మాస్కు కూడా గడ్డం కిందే ఉంది. ఎప్పుడు తీశానో నాకు తెలియదు. కనిపెట్టి చూస్తున్నదాన్ని నేను, నా చేయే నా కళ్లు కప్పింది.

అదీ సంగతి. మా ముక్కుగుడ్డ నూగు కోసం పుట్టింది. మిషన్ మొదలైతే పైకి, ఆగితే కిందికి. చిన్నప్పటి నుంచి చేతులకి అదే పాఠం. మూతి మూసుకోనక్కర్లేనప్పుడు, అంటే ఎవరూ మాట్లాడనప్పుడు, మూసుకున్నాం. మాట్లాడేటప్పుడు తెరుచుకున్నాం. పైగా కిటికీలు బిగించి. దిండ్లత్త, నాన్న రోజూ టీ వేళ పక్కపక్కన కూర్చుని ఎన్ని కబుర్లు చెప్పుకున్నారో!

బావకి చెబితే నమ్మలేదు. నేను తీసి ఉంటే నాకు తెలియదా అన్నాడు. వాదించి లాభం లేదని మాస్కు పెట్టుకోమన్నాను. మళ్లీ మిషన్ వేశాను. ఆయన పనిలో పడేదాకా ఆగి, చెప్పకుండా స్విచ్చు కట్టేశాను. బావ చేయి లేచింది. మాస్కు దిగింది. దిగాక తెలిసింది ఆయనకి. గడ్డం కింద మాస్కుని పట్టుకుని అట్లాగే ఉండిపోయి, తర్వాత పకపకా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. ఇన్నాళ్ల అనుమానం తీరిందని నేను లోలోపల పొంగిపోతున్నాను.

బావ నవ్వు మధ్యలో ఆగిపోయింది.

"కూపీ, మధ్యాహ్నం నేను పైన ఉన్నప్పుడు కింద మిషన్ ఆపేది నువ్వే కదా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక పై ప్రాణాలు పైనే పోయాయి. రోజూ బావ భోజనం తీసుకుని పైకి వెళ్తాడు. నేను కింద మిగిలిన దూది ఏకి, మిషన్ ఆపి, భోజనానికి లేస్తాను. ఆ చప్పుడు పై గదిలోకి స్పష్టంగా వినపడుతుంది. ఆగినా తెలిసిపోతుంది.

ఇద్దరం పెరట్లోకి పరిగెత్తాం. అక్క కిటికీలోనే ఉంది, మాస్కు పెట్టుకుని. మిషన్ రెండుసార్లు ఆగింది ఎందుకని అడిగింది. నేను కింద నుంచే అడిగాను, మధ్యాహ్నం మిషన్ ఆగినప్పుడు బావ మాస్కు తీసేస్తున్నాడా అని.  బావ ఆమె వైపు చూడలేకపోతున్నాడు.

"తీస్తాడు," అంది అక్క. "ఆయనకి తెలియదు. నాకు తెలుసు."

"తెలిసి చెప్పలేదా?"

"ఎప్పుడు ఆగుతుందా అని ఎదురుచూసేదాన్నే. రోజంతటిలో ఈ మనిషి మొహం నాకు కనపడేది అప్పుడొక్కసారి."

నాకు అరవాలనిపించింది. ఇంటిల్లిపాదీ చేతులు పగిలేలా కడుక్కుంటుంటే ఇదా నువ్వు చేసే పని అని. కానీ ఏడుపొచ్చింది. రూలు పెట్టినదాన్ని నేను. ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పాను గానీ, ఆ గదిలో నెలల తరబడి కళ్లు తప్ప మొహాలు చూడని మనిషికి ఎట్లా ఉంటుందో నేను ఒక్కసారి కూడా కూపీ లాగలేదు.

బావ ఆ రోజే మళ్లీ పరీక్ష చేయించుకున్నాడు. ఉందని వచ్చింది. దగ్గు లేదు, జ్వరం లేదు, మనిషి గుండ్రాయిలా ఉన్నాడు, లోపల మాత్రం ఉంది. నాకు లేదు, ఎందుకు లేదో నాకిప్పటికీ తెలియదు. బావ నాన్న గదిలోకి వెళ్లిపోయాడు. నాన్న, తోడు దొరికిందని సంతోషించాలో ఏడవాలో తెలియక, మంచం సగం ఖాళీ చేసి ఇచ్చాడట.

ఇక అక్క. డాక్టరమ్మ రోజూ ఫోన్లో అడిగి తెలుసుకునేది, పరీక్ష ఒకసారి చేయిస్తే చాలదు, మళ్లీ చేయించమంది. నేను భోజనం తలుపు బయట పెట్టి, మెట్లు దిగి, పెరట్లోంచి చూసేదాన్ని. దగ్గుతుందేమోనని చెవులు రిక్కించేదాన్ని. ఆమె గొంతు సవరించుకున్నా మెట్ల దాకా పరిగెత్తేదాన్ని. వెనక గది కిటికీలో బావ మొహం ఇరవై నాలుగ్గంటలూ పై కిటికీ వైపే ఉండేది. ఆ రోజుల్లో నాకు దేన్ని గురించీ కుతూహలం లేదు, ఒక్క దాన్ని గురించి తప్ప.

అక్కకి అంటుకోలేదు.

రెండోసారీ లేదని వచ్చాక డాక్టరమ్మని ఎందుకని అడిగాను. అడక్కుండా ఉంటానా? కచ్చితంగా చెప్పలేను, అదృష్టం కూడా ఉంది, అంది. కిటికీ ఎప్పుడైనా తెరిచి ఉంటుందా అని అడిగింది. ఎప్పుడైనా ఏమిటి, ఆ గది కిటికీ మూసిందే లేదు. చలివేసినా దుప్పటి కప్పుకునేది గానీ మూయనిచ్చేది కాదు. మూస్తే మిషన్ చప్పుడు వినపడదని. బావ గదిలో ఉన్నంతసేపు అక్క తన మాస్కు కూడా ఎప్పుడూ తీయలేదు. బావ చేయి దిగినా ఆమె చేయి దిగలేదు.

అదే నాకు వింతగా తోచింది. మాలో అందరికంటే ఎక్కువ ఏళ్లు మిషన్ దగ్గర గడిపిన చేయి అది. మా అందరి చేతులూ దిగితే అది ఎట్లా ఆగింది? మెట్ల కింద నిలబడి ఈ ప్రశ్న కూడా అడిగేశాను. లోపల్నుంచి అక్క మెల్లగా చెప్పింది. మందులకి బుగ్గలు పీక్కుపోయాయట, పెదాలు పగిలి నల్లబడ్డాయట. మిషన్ ఆగిన ప్రతిసారీ తన చేయి కూడా లేచేదట. మాస్కుని కిందికి లాగకుండా, ఇంకాస్త పైకి లాక్కునేదట.

ఈసారి రూలు పెట్టలేదు, ఒక ఏర్పాటు చేశాను. నాన్న తేరుకున్నాడు, బావ విడిగా ఉండాల్సిన గడువు ఇంకా తీరలేదు. మధ్యాహ్నం పూట బావ వెనక గదిలోంచి పెరట్లోకి వచ్చి ఆ చివర గోడ దగ్గర నిలబడాలి. అక్క పైన కిటికీలో కూర్చోవాలి. మధ్యలో అంత దూరం, పైన ఆకాశం. డాక్టరమ్మని అడిగితే దానికేం ఫరవాలేదంది. అంత దూరం నుంచి మందం చెవులతో మాటలెట్లా అంటే, సైగలున్నాయిగా అన్నాను.

మొదటి రోజు నేను షెడ్డులో ఒక్కదాన్నే దూది ఏకుతున్నాను. తెరిచిన కిటికీలోంచి ఇద్దరూ కనపడుతున్నారు. ఇద్దరికీ మాస్కులున్నాయి. బావ వేళ్లు నోటి దగ్గర పెట్టి తిన్నావా అని అడిగాడు. అక్క తల ఊపి, షెడ్డు వైపు చూపించి నొసలు చిట్లించింది. దూది ఇంకా ఉండలుగా వస్తోందని నా మీద ఫిర్యాదు. అవి ఆ మూటలో చివరి పిడికెళ్లు. అవీ అయిపోయాయి. నేను స్విచ్చు కట్టేశాను.

బావ చేయి లేచింది. మాస్కు గడ్డం కిందికి దిగింది. ఈసారి ఆయనకి తెలిసే దిగింది.

పైన అక్క చేయి కూడా లేచింది. మాస్కు అంచు పట్టుకుని చాలాసేపు ఆగింది. పైకి లాక్కుంటుందనుకున్నాను. కిందికి లాగింది.

పీక్కుపోయిన బుగ్గలు. పగిలిన పెదాలు. ఆ మొహం నేనూ అన్నాళ్లుగా చూడలేదు.  అక్క బావ వైపు చూస్తోంది. ఏం చేస్తాడా అని నేనూ ఆయన వైపే చూశాను.

బావ కదలకుండా నిలబడ్డాడు. తర్వాత అరచేయి ఎత్తి మెల్లగా తన చెంపకి ఆనించుకున్నాడు.

మేం భోజనానికి పోయే వేళ దాటిపోయింది. షెడ్డులో ఏకాల్సిన మూట ఇంకొకటుంది. అయినా నేను మిషన్ వైపు వెళ్లలేదు. అది మొదలైతే ఆ రెండు చేతులూ మళ్లీ మాస్కుల మీదికే పోతాయని నాకు తెలుసు.